మన కాలనీ అసోసియేషన్, పండుగలు, లొల్లులు: తరచుగా అడిగే ప్రశ్నలు

రోజుకు ఒక్కరన్న గేటుకాడ ఆపి అడుగుతరు, అక్కా ఈసారి బతుకమ్మ ఎక్కడ, అక్కా నెల పైసలు ఎవరికియ్యాలె, అక్కా కుక్కల సంగతేంది అని. కూరగాయల సంచి పట్టుకొని నిలబడి అవ్వే జవాబులు చెప్పి చెప్పి నోరు పోతున్నది, అందుకే అన్నీ ఒక్కకాడ రాసి పెడుతున్న. నేను మూడేండ్ల సంది జాయింట్ సెక్రటరీని. పోటీ చేసి గెలిచిందేం లేదు, ఆ దినం మీటింగుకు లేట్‌గ పోయిన, నేను పోయేసరికే నా పేరు రాసేసి ఉన్నది.

మనది హన్మకొండ దిక్కు ఆరు గల్లీల కాలనీ, సగం సొంతిండ్లు, సగం కిరాయిలు. కొత్తగ వచ్చినోళ్లకు ఇది తెలవాలె కాబట్టి మొదలే చెప్తున్న.

అసోసియేషన్ల మెంబర్ ఎవరు? మేం కిరాయికుంటం, మేం రావొచ్చా?

రావొచ్చు. రాండ్రి. ఈ ప్రశ్న అడిగే వాళ్లు ఎప్పుడూ జర భయపడుకుంటనే అడుగుతరు, ఎందుకో నాకర్థం కాదు.

కాగితం లెక్క చెప్పాల్నంటే మనది 2001 సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుల రిజిస్టర్ అయిన సొసైటీ. ఏడుగురు కలిస్తే ఎవరైనా పెట్టుకోవచ్చు, మనోళ్లు కూడ మొదట ఏడుగురే, ఒక ఇంటి వరండాల కూసొని సంతకాలు పెట్టిండ్రు. మన బైలాస్ (సొసైటీ రాసుకున్న నియమాలు) ప్రకారం ఓటు ఇంటి ఓనరుకే. కానీ ఓటు ఏడాదికొకసారి జనరల్ బాడీల చెయ్యి ఎత్తేటప్పుడే పనికొస్తది, మిగిలిన దినాలల్ల నల్లా రాకపోతే ఓనరుకూ రాదు కిరాయిదారుకూ రాదు. యూనివర్సిటీల చదివే పిల్లలు, ఎంజీఎం దవాఖానల డ్యూటీ చేసే నర్సమ్మలు, కాజీపేట రైల్వేల పనిచేసేటోళ్లు చానామంది మన గల్లీలల్ల కిరాయికే ఉన్నరు. రాత్రి రెండింటికి ఎవరికన్న ఛాతిల నొస్తే మొదలు లేసి వచ్చింది ఓనర్లు కాదు, ఐదో గల్లీల మేడ మీద రూములుండే నర్సమ్మలే. వాళ్లను మీటింగుకు పిలవద్దని ఒకాయన అన్నడు, ఆయన ఎవరో ఇక్కడ రాయను, ఆయనకు తెలుసు.

మీటింగ్ ఎప్పుడు?

నెలల మొదటి ఆదివారం, పొద్దున 7 గంటలకు, హనుమాన్ గుడి అరుగు మీద. మొదట సాయంత్రం పెట్టేది, ఎవరూ వచ్చేటోళ్లు కాదు. పొద్దునకు మార్చినంక కూడ పది పన్నెండు మంది కంటె ఎక్కువ రారు కానీ వచ్చినోళ్లు నిద్ర మబ్బుల లొల్లి తక్కువ పెట్టుకుంటరు, అది లాభం.

మేడారం జాతర ఉన్న నెల మీటింగ్ ఉండదు. రెండేండ్లకొకసారి మాఘమాసంల సమ్మక్క సారలమ్మలు గద్దెలకు వస్తే మన కాలనీల తాళాలు తప్ప మనుషులుండరు, అమ్మవార్లకు బంగారం అని ఇచ్చే బెల్లం మనిషెత్తు తూకమేయించుకొని అందరూ తాడ్వాయి తొవ్వ పడుతరు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న కాడికి పోయేటోళ్లుంటరు కానీ అది దగ్గరే, పొద్దున పోయి రాత్రికి వస్తరు, దానికి మీటింగ్ ఆపం.

నెలకు 200 ఎందుకు? ఇంటి పన్ను కట్టినంక మళ్ల ఇదేంది?

ఈ ప్రశ్నకు నేను కనీసం వందసార్లు జవాబు చెప్పి ఉంట.

ఇంటి పన్ను గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌ది. రోడ్డు, మోరి, వీధి లైటు, చెత్త ఆటో, నల్లా నీళ్లు, ఇవన్నీ వాళ్ల పని, వీటికి అసోసియేషన్ పైస పెట్టదు, పెట్టొద్దు కూడ, ఒక్కసారి మనం పెడితే ఇగ ఎప్పటికీ మననే పెట్టమంటరు. మన 200 వేరే వాటికి. రాత్రి వాచ్‌మెన్ జీతం, సీసీ కెమెరాల రిపేరు (కోతులు వైర్లు పీకుతయి, నవ్వకుండ్రి, నిజం), గుడి దగ్గర బోరు మోటరు కరెంటు, పండుగలకు ముందట కొంచెం ఖర్చు, ఎవరింట్లనన్న కష్టమైతే దానికి. అంతే.

లెక్క అడగొచ్చా అంటే అడగొచ్చు, అడగాలె. మన ట్రెజరర్ సారు బ్యాంకుల పనిచేసి రిటైర్ అయినాయన, కొబ్బరికాయకు కూడ రసీదు అడుగుతడు, ఒకసారి నాకు అరటిపండ్ల 40 రూపాయలు ఇయ్యలే ఆయన, బండాయన రసీదు ఎక్కడికెల్లి ఇస్తడు చెప్పుండ్రి. ఆ సారు ప్రతి నెల లెక్క రాసి గుడి గోడ బోర్డుకు అతికిస్తడు. బాకీ ఉన్నోళ్ల పేర్లు అతికియ్యొద్దని మేమందరం కలిసి ఆపినం, లేకుంటే అవి కూడ పెట్టేటోడే.

ఇంటి పన్ను మాట వచ్చింది కాబట్టి ఒకటి, కొత్త లెక్కల ఏడాది మొదలైనంక ఎర్లీ బర్డ్ ఆఫర్ నడిచినప్పుడు ఏప్రిల్ 30 లోపల మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తరు. ఏటా మే నెల మొదటి వారంల నాకు ఫోన్ చేసి "అక్కా డేట్ అయిపోయిందా" అంటరు. అయిపోతది. అది పెంచుడు నా చేతిల లేదు.

బతుకమ్మ ఎక్కడ పెడుతున్నరు, ఎన్ని దినాలు?

తొమ్మిది దినాలు. పార్కు జాగల, నడుమ వేపచెట్టు కాడ. పెత్తర అమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతోని షురూ, ఇగ అటుకుల, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల బతుకమ్మలు, ఆరో నాడు అలిగిన బతుకమ్మ కాబట్టి ఆ దినం పేర్చరు ఆడరు, తర్వాత వేపకాయల, వెన్నముద్దల, ఆఖరుకు సద్దుల బతుకమ్మ. ఆరో నాడు పార్కుకు వచ్చి ఎవరూ లేరేందని ఫోన్ చేసే కొత్త కోడండ్లు ఏటా ఇద్దరు ముగ్గురు ఉంటరు, అందుకే విడిగ చెప్తున్న.

"మా దిక్కు ఏడో నాడే సద్దులు, మీరు తొమ్మిది అంటరేంది" అని వేములవాడ దిక్కు నుంచి వచ్చిన కోడండ్లు అడుగుతరు. వాళ్ల దిక్కు అదే ఆచారం, తప్పేం లేదు. మన కాలనీల ఏడో నాడు వాళ్లు ముగ్గురు పేర్చుకొని వస్తరు, అందరం వాళ్ల చుట్టు ఆడుతం, మళ్ల తొమ్మిదో నాడు వాళ్లు మనతోని ఆడుతరు. ఇట్ల చేసినంక లొల్లి ఖతం అయింది, ఒక బతుకమ్మ ఎక్కువైంది.

పూల సంగతి. పదేండ్ల కింద మన కాలనీల సగం ఖాళీ ప్లాట్లే ఉండె, ఆ ప్లాట్లల్ల గునుగు తెల్లగ విరగబూసేది, పిల్లలు కొడవళ్లు పట్టుకొని పోయి మోపులు మోపులు తెచ్చేటోళ్లు, ఎవలకు పైస ఇయ్యకుంట. ఇప్పుడు ఆ ప్లాట్లన్నీ ఇండ్లయినయి, ఆ ఇండ్లల్లున్నోళ్లే చౌరస్తాల గునుగు కట్టలు కొనుక్కొస్తున్నరు. మా ఇంటి కింద కూడ గునుగే ఉండె, నేను ఎవరినీ అనట్లేదు. ఇప్పుడు మనం చేసేదేందంటే సద్దులకు ముందు దినం ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకొని ఊరవతల చెలకలకు పోతం, తంగేడు గునుగు కోసుకొస్తం, బంతి కట్ల పూలు మాత్రం కొంటం. ఆటో కిరాయి అసోసియేషన్ ఇస్తది. కోసేటప్పుడు చెలక ఆసామిని అడగకుంట దిగొద్దు, పోయినసారి పత్తి చేన్ల నుంచి నడిచి పోయిండ్రని ఒక పెద్దమనిషి కోపం చేసిండు, ఆయన కోపం కరెక్టే. తంగేడు కొమ్మలు విరగ్గొట్టకుండ్రి, పూవు మట్టుకే కోయుండ్రి, అది మన రాష్ట్ర పుష్పం అని కాదు, మళ్ల ఏడాది కూడ మనమే పోవాలె కాబట్టి.

డీజే ఉంటదా? ఉండదు. ఇది జనరల్ బాడీల ఆడోళ్లందరు చెయ్యెత్తి చేసిన తీర్మానం. ఒక ఏడాది పిల్లలు ముచ్చట పడ్డరని పెట్టినం, చప్పట్ల మాట దేవుడెరుగు, పక్కనున్న మనిషి పాట కూడ వినపడలే. నాలుగో గల్లీ అవ్వ ఒకామె ఉన్నది, ఎనభై దాటినయి, ఆమెకు వచ్చిన పాటలు ఇంకెవలకు రావు, ఆ ఏడాది ఆమె వచ్చి పావుగంట కుర్చీల కూసొని లేసి పోయింది. మళ్ల ఏడాది డీజే తీసేసి చిన్న మైకు ఒకటి ఆమె చేతికిచ్చినం. ఇప్పుడు ఆమె పాడితే కోడండ్లు ఫోన్ల రికార్డు చేసుకుంటున్నరు.

మగోళ్ల పనేంది అని ఒకాయన అడిగిండు. జాగ ఊడ్చుడు, నీళ్లు చల్లుడు, లైట్లు కట్టుడు, సద్దుల నాడు బండ్లు నడుపుడు. సద్దుల రాత్రి కొందరు వేయిస్తంభాల గుడి కాడికి పోతరు, కొందరు పద్మాక్షి గుండం కాడికి. గుండం దిక్కు జనం ఎట్లుంటరో తెలిసిందే, చంటిపిల్లలున్నోళ్లు వద్దు, పార్కుల పెద్ద టబ్బు పెడుతం, అండ్లనే సాగనంపొచ్చు. సద్దులు మాత్రం అందరూ పార్కులనే తినాలె, పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద, ఏ ఇంటిది ఆ ఇంటోళ్లు తెచ్చి అందరికీ పంచుతరు. ప్లాస్టిక్ ప్లేట్లు వద్దు, మోదుగ ఇస్తార్లు తెప్పిస్తం.

ఇంకోటి కూడ చెప్పాలె. మీటింగుల తెలవని సంగతులన్నీ నాకు బతుకమ్మ పేర్చేకాడ తెలుస్తయి. రెండో గల్లీ మూలమీద లైటు రెండు నెలల సంది వెలుగుతలేదని, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు చుట్టు తిరిగి వస్తున్నరని ఏ మీటింగులనూ ఎవరూ చెప్పలే, తంగేడు వరుస పేర్చుకుంట ఒక తల్లి మామూలుగ అన్నది. తెల్లారి ట్రెజరర్ సారును వెంటబెట్టుకొని కార్పొరేషన్ ఆఫీసుకు పోయిన, నాలుగు దినాలల్ల లైటు పడ్డది. అందుకే బతుకమ్మ ఖర్చు దండుగ అనేటోళ్లతోని నేను వాదం పెట్టుకుంట.

వినాయకుడు ఎన్ని పెడుతరు?

ఒక్కటే. ఇంతకుముందు గల్లీకొకటి పెట్టి ఇంటికి నాలుగు చందాలు అడిగేటోళ్లు, జనం తలుపులు తీసుడు బంద్ చేసిండ్రు. ఇప్పుడు యూత్ పిల్లలందరు కలిసి ఒకటే పెడుతున్నరు, మట్టిదే. పోలీసోళ్ల పర్మిషన్ ఆన్లైన్ల పిల్లలే తీసుకుంటరు, కరెంటుకు ఎన్పీడీసీఎల్ (మన దిక్కు కరెంటు కంపెనీ) కాడ టెంపరరీ కనెక్షన్ తీసుకుంటరు. తీగకు కొండి వేసుడు నడవది, ఎన్పీడీసీఎల్ హెడ్డాఫీసే మన హన్మకొండల ఉన్నది, అది పక్కన పెట్టినా గాని వానకాలంల ఇనుప పైపుల మండపానికి కొండి కరెంటు అంటే పిల్లల పానం మీదికొస్తది.

మైకు రాత్రి 10కి బంద్. 2000 సంవత్సరంల వచ్చిన శబ్ద కాలుష్యం రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక లౌడ్ స్పీకర్ వద్దు, పండుగలకు సర్కారు ఎప్పుడన్న 12 దాక సడలింపు ఇస్తది, ఇచ్చినప్పుడు చూద్దాం. మన కాలనీల ఇంటర్ పిల్లలున్నరు, షుగర్ బీపీ మనుషులున్నరు.

లడ్డూ వేలం పైసలు ఎటు పోతయి? ఈ ప్రశ్న వేలం పాడి గెలిచినాయనే అడిగిండు, పైసలు మాత్రం దీపావళి దాక ఇయ్యలే. ఇచ్చినంక అకౌంట్ల జమ అయినయి, బోర్డు మీద ఉన్నది చూడుండ్రి. ఈసారి నుంచి పాడిన నాడే సగం ఇయ్యాలె.

బోనాలు?

పోచమ్మకు శ్రావణంల ఒక ఆదివారం. తారీఖు పెద్దమనుషులు చెప్తరు, నేను గ్రూపుల పెడుత. డప్పు వాళ్లకు ముందే చెప్పాలె, ఆ టైంల వాళ్లు దొరకరు.

వాన ఎక్కువ పడితే ఏం చెయ్యాలె?

ఇది పండుగ కాదు గాని మన కాలనీ మొత్తం కలిసేది బతుకమ్మ తర్వాత మళ్ల వానలకే.

2020 ఆగస్టుల, 2023 జూలైల ఇక్కడున్నోళ్లకు చెప్పే పనిలేదు. కొత్తోళ్లకు చెప్పాలె. ఓరుగల్లుల చెరువులన్నీ కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు నిండి అలుగు పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు పోతయి, అట్ల ఒకదాని నుంచి ఒకటి. ఆ అలుగు నీళ్లు పోయే తొవ్వ మీద మనం ఇండ్లు కట్టుకున్నం, నాలాలు సన్నగైనయి. నయీంనగర్ నాలా గానీ అవతల బొందివాగు గానీ పొంగినయంటే కారణం ఆ ఒక్క రాత్రి వాన మాత్రమే కాదు. మన ఒకటో గల్లీ, రెండో గల్లీ పల్లం, ఆ రెండు గల్లీలోళ్లు కింది అంతస్తుల బియ్యం బస్తాలు, ఇంటి కాగితాలు, ఇన్వర్టర్ బ్యాటరీ నేల మీద పెట్టుకోవద్దు జూన్ నుంచి అక్టోబర్ దాక. ఇది సలహా కాదు, చూసి చెప్తున్న మాట. మా చెల్లె పట్టా పాస్‌బుక్కు మూడు దినాలు ఫ్యాన్ కింద ఆరబెట్టుకున్నది.

మృగశిర కార్తెకు ముందే మోరి పూడిక తీయించాలె. ఏప్రిల్లనే దరఖాస్తు ఇస్తం, జూన్ల వస్తరు. తీసిన మట్టి మోరి ఒడ్డునే పోసి పోతరు, మొదటి వానకు అది మళ్ల మోరిలకే జారుతది, కాబట్టి తీసే దినం గల్లీకి ఇద్దరు మనుషులు నిలబడి ట్రాక్టర్ల ఎక్కించేదాక కదలొద్దు. నిలబడేది ఎవరంటే గల్లీల ఎవరు ఇంటికాడ ఉంటే వాళ్లు.

నీళ్లు గల్లీలకు వస్తున్నయంటే మొదలు ఇంటి మెయిన్ బంద్ చెయ్యుండ్రి, తర్వాత 1912కు ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చెప్పుండ్రి, స్తంభం పట్టుకొని నడవకుండ్రి. గుడి ఎదురుంగ ఉన్న రెండంతస్తుల ఇంటి మేడ తాళం ఒకటి మా ఇంట్ల, ఒకటి వాచ్‌మెన్ కాడ ఉంటది, రాత్రైనా పగలైనా తీసి ఎక్కొచ్చు, ఆ ఇంటి సారు వాళ్లే ఇచ్చిండ్రు. ముసలోళ్లు, బాలింతలు, డయాలసిస్ పేషెంట్లు ఉన్న ఇండ్ల లిస్టు నా కాడ ఉన్నది, మీ ఇంట్ల ఉంటే అండ్ల పేరు రాయించుండ్రి, ముందు వాళ్లను దాటిస్తం.

పుకార్ల గురించి. 2023 జూలైల "చెరువు కట్ట తెగింది" అని రెండు మూడుసార్లు మెసేజ్ వచ్చింది, జనం అర్ధరాత్రి మేడలెక్కిండ్రు, ఏం కాలే. ఆఖరుకు నెలాఖరుల భద్రకాళి చెరువు కట్టకు నిజంగనే గండి పడ్డనాడు అదే మెసేజ్ వస్తే సగం మంది నమ్మలే. అప్పటి నుంచి ఒకటే పద్ధతి పెట్టుకున్నం. వాన మెసేజ్ ఎవరు పెట్టినా గాని సొంతంగ తీసిన ఫోటో ఉండాలె, ఏ జాగ, ఎన్ని గంటలకు అని రాయాలె. ఎక్కడికెల్లో వచ్చింది పంపిస్తే నేను తీసేస్త, నా మీద అలిగినా మంచిదే.

చెత్త ఆటో మా గల్లీకి వస్తలేదు?

వస్తది, మీరు లేసేసరికి పోతది. 2012ల తడి చెత్త పొడి చెత్త వేరు చేసుడుల దేశం మొత్తం వరంగల్ దిక్కు చూసింది, ఇప్పుడు మనం ఆకుపచ్చ డబ్బల చెప్పులు వేస్తున్నం. తడిది ఆకుపచ్చ, పొడిది నీలం. పిల్లల డైపర్లు విడిగ కాగితంల చుట్టి ఇయ్యుండ్రి, ఆ ఆటోల పనిచేసే ఆమె చేతులతోనే తీస్తది.

కుక్కలను పట్టించి ఎక్కడన్న ఇడిపించొచ్చు కదా?

ఇడిపియ్యరాదు. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) రూల్స్ ప్రకారం పట్టుకపోయి ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్ల ఎక్కడ పట్టిండ్రో అక్కడనే ఇడుస్తరు. మన కుక్కలను ఇంకో కాలనీల ఇడిస్తే వాళ్లు వాళ్లయి తెచ్చి ఇక్కడ ఇడుస్తరు, అంతకంటె ఏం కాదు. అన్నం పెట్టేటోళ్లు ఇంటి గేట్ల ముందట కాకుంట పార్కు వెనుక మూలకు పెట్టుండ్రి. కరిచిందంటే మాత్రం గ్రూపుల ఫోటో పెట్టుకుంట కూసోకుండ్రి, పావుగంట సబ్బు నీళ్లతోని కడిగి సీదా దవాఖానకు పోవాలె, సూది ఆ దినమే షురూ చెయ్యాలె.

పార్కు జాగల కమ్యూనిటీ హాల్ కట్టుకుందమా? ఎట్లయినా ఖాళీగనే ఉన్నది కదా?

ఆ జాగ మనది కాదు. లేఅవుట్ వేసినప్పుడు ఖాళీ జాగ కింద ఇడిచిపెట్టి మున్సిపాలిటీకి రాసిచ్చింది అది. మనం వాడుకోవచ్చు, కట్టుకోరాదు, అమ్ముకోరాదు, ఎవరో ఒకరికి కిరాయికియ్యరాదు. పోయినేడు ఒకాయన అండ్ల కోళ్ల షెడ్డు వేద్దమన్నడు. బతుకమ్మ ఎక్కడ ఆడుదాం బాపూ అని అడిగితే నవ్వి ఊకున్నడు.

సమస్య ఉంటే ఎవరి దగ్గరికి పోవాలె?

మోరి, లైటు, చెత్త అయితే డివిజన్ కార్పొరేటర్, కార్పొరేషన్ ఆఫీసు. మన కార్పొరేషన్ల 66 డివిజన్లున్నయి, మీది ఏదో ఇంటి పన్ను కాగితం మీద చూసుకోండ్రి. కలెక్టర్ కాడికి పోవాల్నంటే సోమవారం ప్రజావాణి, అంటే జనం దరఖాస్తులు తీసుకునే దినం. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది, 2021ల జిల్లాల పేర్లు మార్చినంక హన్మకొండ ఒక జిల్లా, వరంగల్ ఒక జిల్లా, కార్పొరేషన్ మాత్రం రెండింటికీ ఒకటే. నేను ఒక దరఖాస్తు పట్టుకొని ఒక ఆఫీసుల రెండు గంటలు లైన్ల నిలబడ్డ, తీరా కిటికీ కాడికి పోతే ఇది ఇక్కడ కాదమ్మా ఆ జిల్లా అన్నరు. కాబట్టి మీద అడ్రస్ రాసే ముందే చూసుకోవాలె. ఒకరి పేరు మీద కాకుంట ముప్పై నలభై సంతకాలతోని పోతే కాగితం జర తొందరగ కదులుతది. సంతకాలు ఎక్కడ దొరుకుతయంటే మళ్ల అదే, పండుగ కాడ. వేపచెట్టు కింద రిజిస్టర్ పెట్టుకొని కూసుంటే గంటల నిండుతది, ఇంటింటికి తిరిగితే మూడు దినాలు.

వనభోజనాలకు ఈసారి ఎటు?

ఇంకా ఖరారు కాలే. కార్తీకంల ఒక ఆదివారం. రామప్ప అని కొందరు, యునెస్కో గుర్తింపు 2021ల వచ్చినంక చూడనే లేదంటున్నరు. పాకాల అని కొందరు, దగ్గర, చెట్లు మస్తుగుంటయి. లక్నవరం అనేటోళ్లు పిల్లలున్నోళ్లు, ఊగే బ్రిడ్జి కోసం. ఎటు పోయినా ఉసిరి చెట్టు చూసుకొని దాని కిందనే వండాలె అని పెద్దోళ్ల పట్టు.

కూర లొల్లి మీకు ఎరుకనే. కార్తీకంల నీసు ముట్టనోళ్లు సగం, యాట లేంది వనభోజనమా అనేటోళ్లు సగం. పోయినసారి చేసిన ఒప్పందం ఏందంటే కార్తీకంల అందరూ పప్పు, పచ్చిపులుసు, వంకాయ, గారెలు, ఇగ యాట సంక్రాంతి అయినంక వేరే దావత్ పెట్టుకొని తినేటోళ్లే పైసలు వేసుకోవాలె. అది బాగనే నడిచింది. రెండో దావత్‌కు మొదటిదానికంటె ఎక్కువ మంది వచ్చిండ్రు, కార్తీకం నిష్ఠ గురించి లెక్చర్ ఇచ్చినాయన కూడ.

ఎవరన్న చనిపోతే అసోసియేషన్ ఏం చేస్తది?

అడగాల్సిన అవసరం లేదు గాని కిరాయికుండేటోళ్లకు తెలవదు కాబట్టి రాస్తున్న. ఏ రాత్రైనా మా ఇంటి తలుపు కొట్టుండ్రి, ఫోన్ కంటె అదే నయం. టెంటు, కుర్చీలు, ఫ్రీజర్ బాక్సు మాట్లాడుడు మా పని, మొదటి దినానివి అసోసియేషన్ పైసలే, ఓనరా కిరాయిదారా అని చూడం. ఆ ఇంట్ల పొయ్యి వెలగదు కాబట్టి గల్లీలోళ్లు వంతుల వారిగ అన్నం, చారు, చాయ పంపుతరు. పోయినేడు మూడో గల్లీల మేడమీద రూముల ఉండే పిల్లగాని నాయిన ఆదిలాబాద్ దిక్కు నుంచి కొడుకును చూడొచ్చి ఇక్కడనే పోయిండు. ఆ పిల్లగానికి ఇక్కడ ఒక్క మనిషి ఎరుక లేదు. పొద్దుగాల వరకు పదిహేను మంది మెట్ల మీద కూసున్నరు, బండి మాట్లాడి ఊరికి పంపినం. సంవత్సరీకం అయినంక ఆ పిల్లగాడు తిరిగొచ్చి, మొన్న పార్కుల లైట్లు కట్టేకాడ నిచ్చెన పట్టుకొని కనబడ్డడు.

గ్రూపుల గుడ్ మార్నింగ్ పెట్టొచ్చా?

వద్దు. రాజకీయం కూడ వద్దు. పండుగ నాడు శుభాకాంక్షలు ఒక్కటి పెడితే చాలు, అదే బొమ్మ ముప్పై మంది పెడితే నల్లా ఎప్పుడొస్తదని అడిగిన మెసేజ్ ఎక్కడో కిందికి పోతున్నది.

నాకు కమిటీల పనిచెయ్యాలని ఉన్నది, ఎట్ల?

ఈ ప్రశ్న ఇప్పటిదాక ఒక్కరు కూడ అడగలే, నేనే రాసుకున్న. జనరల్ బాడీ దసరా అయినంక, జమ్మి ఆకు బంగారం పంచుకొని అలాయ్ బలాయ్ తీసుకున్నంక వచ్చే ఆదివారమే పెడుతున్నం, అప్పటికి ఊర్ల నుంచి వచ్చినోళ్లు ఇంకా పోకుంట ఉంటరు. కొత్త కమిటీ లిస్టు రిజిస్ట్రార్ ఆఫీసుల ఇచ్చే పని ట్రెజరర్ సారు చూసుకుంటడు. నాకు మోకాళ్ల నొప్పులు మొదలైనయి, మెట్లెక్కి తలుపులు కొట్టుడు ఇగ నా వశం కాదు. రిజిస్టర్లు, రసీదు బుక్కు, మైకు సెట్టు ఉన్న బీరువా తాళంచెవి మా ఇంట్ల ఫ్రిజ్ మీద స్టీలు గిన్నెల ఉన్నది. పొద్దున పది దాటినంక ఎవరు వచ్చినా ఇస్త, చాయ కూడ పెడుత.